తక్కువ ధర స్పోర్ట్స్ కారును రేపటి క్లాసిక్‌గా కొనేవారి అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత కార్లను కొనుగోలుకు ముందు పరీక్షించి చెప్పడం నా వృత్తి. ఇటీవల నా దగ్గరికి వచ్చేవారిలో ఒక కొత్త వర్గం పెరుగుతోంది. రోజువారీ అవసరాలకు వీరికి వేరే కారు ఉంటుంది. కాలేజీ రోజుల్లో కళ్లప్పగించి చూసిన ఫియట్ పాలియో 1.6నో, ఫోర్డ్ ఐకాన్ 1.6నో, మొదటి తరం హోండా సిటీ వీటెక్‌నో, చేతిలో ఇంకాస్త డబ్బుంటే స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్‌నో ఇప్పుడు కొని జాగ్రత్తగా చూసుకుంటే, రేపు అది క్లాసిక్ అవుతుందని వీరి ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కారును ఎంచుకునే పద్ధతిలోనే తప్పులు జరుగుతున్నాయి. చాలామంది ముందు వేగాన్ని, ఆ తర్వాత ధరను చూస్తారు. నేను మాత్రం కారు ఎంత సంపూర్ణంగా మిగిలి ఉందో, దాని విడిభాగాలు దొరుకుతాయో లేదో, కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ముందు చూడమంటాను.

అపోహ: రెండు తలుపులు, రెండు సీట్లు, తెరుచుకునే పైకప్పు ఉంటేనే స్పోర్ట్స్ కారు.

ప్రపంచమంతా చవకైన స్పోర్ట్స్ కారుకు ఉదాహరణగా చెప్పుకునే మాజ్దా ఎంఎక్స్-5 1989లో వచ్చింది, కానీ మాజ్దా కార్లను మన దేశంలో అమ్మలేదు. విదేశాల్లో వాడిన కారును మామూలు పద్ధతిలో దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు కాబట్టి, పాత ఎంఎక్స్-5ను ఇక్కడికి తెప్పించుకునే దారి దాదాపు లేదు. దేశీయంగా గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఒక్కటే అప్పట్లో మధ్యతరగతికి కాస్త అందుబాటులో ఉన్న రెండు సీట్ల ఓపెన్ కారు. అందువల్ల మన దగ్గర సామాన్యుడి స్పోర్ట్స్ కారు అంటే మామూలు కుటుంబ కారులో శక్తివంతమైన ఇంజన్ అమర్చిన రకమే. 2001లో వచ్చిన పాలియో 1.6 సుమారు 100 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ రోజుల్లో చిన్న కార్లలో అది అసాధారణం. దానిని నడిపినవారు స్టీరింగ్ బరువును, మలుపులో కారు నిలకడను ఇప్పటికీ గుర్తుచేసుకుంటారంటే, క్లాసిక్‌కు కావలసిన మొదటి అర్హత దానికి వచ్చినట్లే.

అపోహ: తక్కువ సంఖ్యలో తయారైన కారు ఏదైనా విలువ పెరిగి తీరుతుంది.

అరుదుతనం గిరాకీని పెంచుతుందే తప్ప పుట్టించదు. కారు కొత్తగా ఉన్నప్పుడు దాన్ని కోరుకుని కొనలేకపోయిన కుర్రవాళ్లు, నలభై ఏళ్లు దాటి చేతిలో డబ్బు ఆడే వయసుకు వచ్చాక మళ్లీ దానికోసం వెతుకుతారు. ధరకు ఆధారం ఆ జ్ఞాపకమే. 2016లో వచ్చిన మూడు తలుపుల ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ మొదటి విడతలో మన దేశానికి కేటాయించినవి 99 మాత్రమే. దాని వెనుక వేల సంఖ్యలో పోలో అభిమానులు ఉన్నారు కనుక ఆ అరుదుతనానికి అర్థం ఉంది. ఎవరి జ్ఞాపకంలోనూ లేని కారు ఎంత అరుదైనదైనా, అమ్మేవారి ప్రకటనలోనే అరుదైనదిగా మిగిలిపోతుంది.

అరుదైన కారుకు మరో చిక్కు ఉంది. పాలియో 1.6కు ఫిల్టర్లు, బెల్టులు, సస్పెన్షన్ బుష్షుల కోసం విడిభాగాల దుకాణాలుండే పుత్లీబౌలిలోనూ రాణిగంజ్‌లోనూ ఓపికగా తిరిగితే ఇప్పటికీ ఏదో ఒక దారి దొరుకుతుంది, ఫియట్‌దే అయిన సియెనా కారులోనూ 1.6 లీటర్ల ఇంజన్ వచ్చింది కాబట్టి లోపలి భాగాలకు కొంత ఊరట ఉంది. దొరకనివి ఆ రకానికి మాత్రమే ప్రత్యేకమైన సీటు గుడ్డ, మీటర్ బోర్డు, బంపర్ అంచులు, అసలు అల్లాయ్ చక్రాలు, హెడ్‌లైట్ వంటివి. అందుకే ఇంజన్ కాస్త పొగ వదులుతున్నా అన్నీ ఉన్న కారునే కొనమంటాను. ఇంజన్‌ను బాగుచేయగల మిస్త్రీలు మన నగరంలో ఉన్నారు. లేని డాష్‌బోర్డును ఎవరూ తయారుచేసి ఇవ్వలేరు.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారే మంచి కారు.

నేను అన్నిటికన్నా గట్టిగా వ్యతిరేకించే నమ్మకం ఇదే. మీటర్లో అంకెను మార్చడం కష్టం కాదని అందరికీ తెలుసు. క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, గేర్ నాబ్ నునుపు, డ్రైవర్ సీటు బయటి అంచు నలుగుడు ఆ అంకెతో పొసగుతున్నాయో లేదో చూడాలి. అంకె నిజమే అయినా, ఏళ్ల తరబడి సెల్లార్‌లో కవరు కింద నిలిచిన కారు లోపల్లోపల పాడవుతూనే ఉంటుంది. టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే; చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారంలో తయారైన టైరు, గాడులు ఎంత లోతుగా ఉన్నా దాని మీద వేగంగా వెళ్లకూడదు.

ఇప్పుడు వీటికి ఇథనాల్ తోడైంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో ఇంధనం తగిలే భాగాలను 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా చేస్తున్నారు కానీ, 2001 నాటి రబ్బరు గొట్టాలను, సీళ్లను దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. పైగా ఇథనాల్ తేమను లాక్కుంటుంది. కదలని కారు ట్యాంకులో నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరవచ్చు. ఇంధనపు గొట్టాలన్నీ కొత్తవి వేయించి, రెండు వారాలకొకసారైనా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంజన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడిపే యజమాని దగ్గరున్న లక్ష కిలోమీటర్ల కారు, ముట్టుకోని పాతికవేల కిలోమీటర్ల కారు కంటే మేలు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్‌ను చూసి మనసు పారేసుకునేవారికి ఒక మాట: ప్రదర్శనలో నిలిపే కారుకు, నడపడానికి కొనే కారుకు కొలమానాలు వేరు.

అపోహ: పెయింటు మెరుస్తూ, ఇంజన్ ఒక్క తిప్పుకు అందుకుంటే కారు బాగున్నట్లే.

2020 అక్టోబర్ వరదల్లో మన నగరంలో ఎన్నో కార్లు నీట మునిగాయి. వాటిలో కొన్ని శుభ్రపడి, చేతులు మారి తిరుగుతున్నాయి. నేను బానెట్ ఎత్తడానికి ముందు సీటు బెల్టును చివరిదాకా లాగుతాను. రోజూ బయట కనిపించే మొదటి మూర శుభ్రంగానే ఉంటుంది. రీలులో చుట్టుకుని ఉండే చివరి భాగం మీద సన్నని మట్టి గీత, పొడిగా రాలే బురద, ముక్కుకు తగిలే ముతక వాసన కనిపిస్తే అక్కడితో పరీక్ష ముగిసినట్లే. ఆ తర్వాత సీటు పట్టాల కింది బోల్టుల తుప్పు, స్టెపినీ గుంతలోని అతుకులు, డోర్ రబ్బరు కింద రంగు తేడా చూస్తాను. టింకరింగ్ చేసి, పుట్టీతో దాచిన చోట పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం సరిగా అంటుకోదు.

అపోహ: చేయించిన మార్పులకు పెట్టిన డబ్బు ధరలో తిరిగి వస్తుంది.

రాదు. పెద్ద సైలెన్సర్, తగ్గించిన స్ప్రింగులు, వేరే కారు ఇంజన్ ఉన్న బండికి కొనేవారి వృత్తం చిన్నదవుతుంది. చట్టం కూడా అడ్డు వస్తుంది: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా కారును మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. తీసేసిన అసలు భాగాలను యజమాని అట్టపెట్టెలో దాచి ఉంచితే మాత్రం ఆ కారును ఇంకా పరిశీలించవచ్చు.

అపోహ: 15 ఏళ్లు దాటితే తుక్కు కిందికే, లేదంటే వింటేజ్ నంబరు వస్తుంది.

రెండూ తప్పే. పాత పెట్రోలు కార్లపై 15 ఏళ్ల నిషేధం ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించింది. మన దగ్గర 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రుసుము, గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవచ్చు. వింటేజ్ గుర్తింపు, వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకే వర్తిస్తాయని 2021లో కేంద్రం నోటిఫై చేసింది. అంటే 2001 నాటి పాలియోకు ఆ అర్హత 2051లో వస్తుంది. అంతవరకు అది చట్టం దృష్టిలో మామూలు పాత కారే.

బీమాలో కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. ఐదేళ్లు దాటిన కార్లకు ఐడీవీని (బీమా కోసం కారుకు కట్టే విలువను) బీమా సంస్థ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవచ్చు; ఆన్‌లైన్‌లో కనిపించిన అంకెకు ఒప్పుకోకుండా ఫొటోలు, ఖర్చుల బిల్లులు చూపి అడగండి. ఏపీ 09 నంబరుతో ఉన్న పాత హైదరాబాద్ కారైతే ఆర్‌సీలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు కారు మీది అంకెలతో కలుస్తున్నాయా, ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు రుణం హైపోథికేషన్‌గా, అంటే కారు మీద తాకట్టుగా, ఇంకా నమోదై ఉందా చూడండి. బ్యాంకే వేరొక బ్యాంకులో విలీనమైపోయిన సందర్భాల్లో ఆ ఒక్క కాగితం కోసం నెలలు తిరగవలసి వస్తుంది. బెంగళూరు నుంచో కేరళ నుంచో తెచ్చిన కారుకు అక్కడి ఆర్టీఏ (రవాణా కార్యాలయం) ఇచ్చిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ లెక్క చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.