చెరువు కట్టను కనిపెట్టుకుని ఉండే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. ఈ వానాకాలం నుంచి మన ఊరి మంచినీటి చెరువు కట్ట మీద పెద్దలతో పాటు మీరూ వారం వారం నడుస్తారని తెలిసి ఎంతో సంతోషించాను. నడిచేటప్పుడు ఏమేమి చూడాలో, ఎందుకు చూడాలో తెలిస్తేనే ఆ నడకకు ఫలితం ఉంటుంది గనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అది 15 మీటర్లకు మించి ఎత్తున్న ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తున్న వాటిలో పొడవు, నిల్వ వంటి కొన్ని కొలతలకు సరిపోయే వాటికి వర్తిస్తుంది. మన కట్ట ఆ లెక్కలోకి రాదు. ఆ చట్టం కింద తనిఖీకి వచ్చే ఇంజనీర్లు ఇక్కడికి రారు. అయినా తెగితే వచ్చే నీరు కింది పేటలోని ఇళ్ళను వదిలిపెట్టదు, ఊరికి ఆ ఏడాది తాగునీరూ మిగలదు. చిన్న కట్టలను కాపాడవలసింది వాటి పక్కన బతికేవాళ్ళే.

మట్టికట్ట తట్టుకోలేనిది తన మీదుగా పొర్లే నీరు. కాంక్రీటు గోడ మీదుగా కొంతసేపు నీరు దూకినా గోడ నిలబడవచ్చు. మట్టి అలా కాదు. బయటి వాలు కోసుకుపోతూ, కోత పైకి పాకి, గంటల్లోనే గండి పడుతుంది. 2024 జూలైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు భారీ వరదలో గండి పడి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు వైపులా పల్లెలు మునిగాయి. అందుకే అలుగు ఉంది. చెరువు నిండాక మిగులు నీరు కట్ట జోలికి రాకుండా అలుగు మీదుగా పోవాలి. ఇంకొన్ని నీళ్ళు నిలుస్తాయన్న ఆశతో అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం, చేపలు పోకుండా వలలు, తడికలు అడ్డం కట్టడం మన పల్లెల్లో మామూలైపోయింది. నా దృష్టిలో చెరువుకు ఇంతకంటే పెద్ద అపచారం లేదు. అలుగుకూ కట్ట తలకూ మధ్య విడిచిన ఎత్తు వరదకు కేటాయించిన చోటు, దానిని మనం వాడుకోకూడదు. అలుగు దాటిన తరువాత నీరు పోయే కాలువను కూడా చివరిదాకా చూసి రండి. అక్కడ ఎవరైనా మట్టి పోసి ఉంటే వరద వచ్చేలోపే తీయించాలి.

ఇక ఊట సంగతి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి అక్కడి శాసనం చెరువుకు ఉండే ఆరు దోషాలను చెబుతూ, కట్టలో నీరు ఊరడాన్ని మొదట పేర్కొన్నది. అయితే ప్రతి ఊటా ప్రమాదం కాదు. ఏ మట్టికట్టలోనైనా కొంత నీరు ఇంకి బయటి వాలు అడుగున చెమ్మగా కనిపిస్తుంది. మీరు కనిపెట్టవలసింది మార్పును. చెరువులో నీటిమట్టం అంతే ఉన్నా ఊట పెరిగిందా? కొత్త చోట మొదలైందా? అన్నిటికంటే ముఖ్యంగా, నీటి రంగు మారిందా? ఊట నీటిని గాజు సీసాలో పట్టి, కదపకుండా కాసేపు ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే, ఆ మట్టి కట్ట లోపలి నుంచి వచ్చినదే. అంటే లోపల నీరు మట్టిని కోసుకుంటూ బుంగ (సొరంగంలాంటి రంధ్రం) చేస్తున్నది. అమెరికాలో 1976లో టీటన్ అనే పెద్ద మట్టి ఆనకట్టలో ఉదయం కనిపించిన బురద ఊట మధ్యాహ్నమయ్యేసరికి ఆనకట్టనే కూల్చివేసింది.

బుంగ ఎక్కువగా తూము (చెరువు నీటిని బయటికి వదిలే రాతి దారి) వెంట పడుతుంది, ఎందుకంటే రాతి కట్టడమూ మట్టీ కలిసే చోట మట్టి గట్టిగా దిగదు. అందుచేత తూము బయటి ముఖం దగ్గర ఎక్కువసేపు ఆగి చూడండి. మోటారు పైపుల కోసం కట్టను తవ్వి పూడ్చిన చోట్లూ అలాంటివే. పందికొక్కుల, ఎండ్రకాయల బొరియలు నీటికి దారి చూపుతాయి. చెట్ల వేళ్ళు కుళ్ళినా లోపల గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. తుమ్మ మొక్క వేలెడంత ఉన్నప్పుడే పీకేయాలి. ముదిరిన చెట్టును మాత్రం ఎవరికి వారు కొట్టకుండా, వేళ్ళు తవ్వి ఆ గుంతను మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించే ఏర్పాటు జరిగాకే తీయించాలి. గరిక ఉండనివ్వండి, అది వాన కోతను ఆపుతుంది. కట్ట పొడవునా వచ్చిన పగులు కంటే అడ్డంగా వచ్చినది నాకు ఎక్కువ భయం, ఎందుకంటే అది లోపలి నీటికి బయటికి దారి కావచ్చు. అయితే పొడవు పగులు దగ్గర మట్టి కిందికి జారినట్టుంటే అదీ ఆలస్యం చేయవలసినది కాదు.

బురద ఊట కనిపించగానే పెద్దలు కంగారుతో బయటివైపు బంకమట్టి కొట్టి మూసేయబోవచ్చు. అది తప్పని మీరు చెప్పాలి. దారి మూసుకుపోయిన నీరు లోపల ఒత్తిడి పెంచి మరొక చోట మరింత బలంగా బయటపడుతుంది. ఊట మీద ముందు ముతక ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్ళు పరిస్తే నీరు బయటికి పోతుంది, మట్టి నిలిచిపోతుంది. అదే సమయంలో తూము తెరిచి చెరువు మట్టాన్ని తగ్గించాలి. ఇవన్నీ పెద్దల పనులు. మీరు ఆ వేళ బయటి వాలు కింద నిలబడకూడదు, తూము దగ్గరికి పోకూడదు.

మీరు రాసే పుస్తకంలో ప్రతిసారీ తేదీ, చెరువు మట్టం, ఊట నీరు ఒక బిందె నిండటానికి పట్టిన నిమిషాలు, నీటి రంగు రాయండి. మొదటి పుటలో మాత్రం సర్పంచి, నీరుగట్టి (చెరువు నీటిని వదిలే మనిషి), మండల నీటిపారుదల ఇంజనీరు, కింది పేటలో ఇంటింటి పెద్దల ఫోను నంబర్లు రాసి, దాని నకలును పంపుహౌస్ గోడకు అంటించండి. అర్ధరాత్రి ఎవరిని లేపాలో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఇట్లు,
మీ తాతయ్య