పక్క మార్చాల్సింది ఎవరు?

కదల్లేని రోగి కింద తడిసిన దుప్పటి ఎవరు మార్చాలి? ఉత్తర తెలంగాణ సర్కారు దవాఖానల్లో సిస్టర్లకూ, ఆయాల వంటి పేషెంట్ కేర్ సిబ్బందికీ మధ్య మళ్లీ రాజుకున్న గొడవ ఇదే. ఎవరు పని దొంగలని వెతికితే ఇది తేలదు. ఆయాకు జీతమిచ్చేవాళ్లు మారిన రోజే ఇది మొదలైంది.

అంతకుముందు వార్డులో ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు, అంటే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు ఉండేవారు. నాలుగో తరగతి సర్కారు కొలువు. బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం వాళ్ల పని. రెండు గంటలకోసారి రోగిని ఒత్తిగిలించాలంటే సిస్టర్ ఒకవైపు, ఆయా ఒకవైపు పట్టేవారు. పడక పుండుకు తొలి గుర్తుగా వీపు మీద చర్మం ఎర్రబడితే సిస్టర్ కంట పడేది అప్పుడే. వాళ్లు రిటైరవుతుంటే ఖాళీలు నింపలేదు, పని ఏజెన్సీల చేతికి వెళ్లింది. పారిశుధ్యం, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ అన్నీ ఒకే కాంట్రాక్టులో చేరాయి. ఏజెన్సీకిచ్చే డబ్బు లెక్క పడకల మీదికి మారింది. 2022-23 బడ్జెట్‌లో పడకకు పారిశుధ్య ఖర్చును 5,000 రూపాయల నుంచి 7,500కు పెంచారు.

ఆయా హాజరు వేసేది ఏజెన్సీ సూపర్‌వైజర్, పని చెప్పేది సిస్టర్. ఒకరు వరండా తుడవమంటారు, ఇంకొకరు పేషెంట్‌ను ఎక్స్‌రేకు తీసుకెళ్లమంటారు. ఎవరి మాట వినకపోయినా తిట్లు ఆమెకే. ముక్కు గొట్టంలో పాలు పోయమంటే పోస్తుంది. ఎలా పోయాలో నేర్పినవాళ్లు లేరు. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నేరం ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆమెను తప్పుపట్టడం అన్యాయం.

సిస్టర్ల బాధ కూడా నిజమే. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అంటుంది. 2024 జనవరిలో 6,956 మంది నర్సులకు నియామక పత్రాలిచ్చారు, మంచిదే. కానీ 2023లో స్టాఫ్ నర్స్ హోదా పేరు నర్సింగ్ ఆఫీసర్‌గా మారాక ఒళ్లు తుడవడం తమ పని కాదనేవాళ్లతో నేను ఏకీభవించను. వీపు చూడటం నర్సింగే.

ఇద్దరూ వదిలేసిన పని ఇంటివాళ్ల మీద పడుతోంది. ములుగు, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు రోగిని తెచ్చిన కూతురు కూలి మానుకుని మంచం పక్కనే ఉండాలి. ఆమె టీకి బయటికెళ్లినా టెన్షనే.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన చేసిన 24 అంతస్తుల ఆసుపత్రికి 2,000 పడకలని అప్పుడు ప్రకటించారు. అక్కడ ఆయా హాజరు వార్డు సిస్టర్ దగ్గర ఉంటుందా, ఏజెన్సీ దగ్గరా అన్నది టెండర్ కాగితంలోనే రాయాలి.