నూనె మానేసినా ట్రైగ్లిజరైడ్లు ఎందుకు తగ్గవు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: “కొన్ని నెలలుగా వేపుళ్లు ముట్టలేదు, నెయ్యి మానేశాను. అయినా పరగడుపు పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 260 వచ్చాయి. ల్యాబ్ తప్పా?” ఆయనే చెప్పిన దినచర్యలో నాలుగు ఇరానీ చాయ్‌లు, రెండు పూటలా కంచం నిండా అన్నం ఉన్నాయి. ల్యాబ్‌ని అనుమానించక్కర్లేదు.

తిన్న కొవ్వుకీ పరగడుపు అంకెకీ మనం అనుకునేంత దగ్గరి చుట్టరికం లేదు. ఎందుకో తెలియాలంటే ట్రైగ్లిజరైడ్ ప్రయాణం చూడాలి. గ్లిసరాల్ అనే చట్రానికి మూడు ఫ్యాటీ ఆమ్లాలు తగిలిస్తే ట్రైగ్లిజరైడ్. బడిలో దాన్ని బోర్డు మీద గీసి మార్కులు వేసేస్తారు, అది ఎలా కదులుతుందో మాత్రం చెప్పరు. అసలు మజా అక్కడే ఉంది.

డబుల్ కాట్‌ని అలాగే ఇంట్లోకి దూర్చలేం. విప్పాలి, లోపల మళ్లీ బిగించాలి. కొవ్వుదీ అదే అవస్థ. పేగులో క్లోమరసం రెండు పలకలు, అంటే రెండు ఫ్యాటీ ఆమ్లాలు, ఊడదీస్తుంది, మూడోది చట్రానికే ఉంటుంది. పేగు కణం లోపలికి వెళ్లాక మళ్లీ బిగింపు. అలా బిగించిన మంచాలన్నీ కైలోమైక్రాన్ అనే బండిలో ఎక్కి, కాలేయాన్ని తప్పించుకుని, శోషరసం దారిలో మెడ దగ్గర రక్తంలో కలుస్తాయి. భోజనం తర్వాత తీసిన రక్తంలో ప్లాస్మా పాలలా తెల్లగా కనిపించేది వీటివల్లే. కండరం, కొవ్వు కణాల గుమ్మంలో మళ్లీ అదే సమస్య. అక్కడ కేశనాళిక గోడకి అతుక్కుని ఉండే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ మంచాన్ని మళ్లీ విప్పుతుంది. బండి మీద అపో సీ-2 అనే ప్రోటీన్ ఉంటేనే అది పని మొదలుపెడుతుంది. నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకోటి: కొవ్వు కణం పాత చట్రాన్ని దాదాపు వాడుకోలేదు. గ్లిసరాల్ కాలేయానికి పోతుంది. భోజనం తర్వాత కణం కొత్త చట్రాన్ని గ్లూకోజ్‌తో చేసుకుంటుంది. అంటే కొవ్వు దాచుకోవడానికీ చక్కెర సాయం కావాలి!

రాత్రి తిన్న పకోడీల బండ్లు తెల్లారేసరికి దాదాపు ఖాళీ. పరగడుపున దొరికేవి ప్రధానంగా కాలేయం పంపిన వీఎల్‌డీఎల్ బండ్లు. అక్కరకు మించిన పిండిపదార్థం, పంచదార, మద్యం అక్కడే కొవ్వుగా మారతాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే కొవ్వు కణాలు వదిలేసిన ఫ్యాటీ ఆమ్లాలూ అక్కడికే చేరతాయి, గుమ్మంలో విప్పే పనీ మందగిస్తుంది.

పొద్దున్నే నిమ్మరసం, తేనె తాగితే కొవ్వు కరిగిపోతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. తేనె కూడా చక్కెరే కదా!

150 లోపు మామూలు. 500 దాటితే క్లోమానికి వాపు వచ్చే ప్రమాదం, అప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. 260 ఉన్నాయనకి చాయ్‌లో పంచదార, అన్నం తగ్గించడం, రోజూ నడవడం ముందు పని. నడిస్తే కండరాల్లో ఆ లైపేజ్ పెరుగుతుంది. ఇంకో మాట: చాలా ల్యాబ్‌లు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ని కొలవవు, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించే 1972 నాటి సూత్రంతో లెక్కగడతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు, ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించుకోవాలి.