పిల్లల కోసం గోల్ఫ్ టోర్నమెంట్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఓ క్లబ్బో, కరీంనగర్‌లో డాక్టర్లో, నిజామాబాద్‌లో పూర్వ విద్యార్థులో కూడబలుక్కుని, హింసకూ నిర్లక్ష్యానికీ గురైన పిల్లల కోసం గోల్ఫ్ పోటీ పెడదామంటారు. మైదానం కోసం గోల్కొండ నయా ఖిల్లాకో గచ్చిబౌలికో పోతారు. ఆట బాగానే నడుస్తుంది. సాయంత్రం లెక్క చూసుకుంటే మాత్రం మొహాలు వాడిపోతాయి. ఎందుకో చూద్దాం.

అపోహ: ఎంట్రీ ఫీజులతోనే నిధి పోగవుతుంది.

కాదు. ఫీజు ఖర్చుకే సరిపోతుంది. ఉదాహరణకు 72 మంది, మనిషికి 6,000 అనుకోండి. మొత్తం 4,32,000. గ్రీన్ ఫీ (మైదానం వాడుకున్నందుకు కట్టేది), క్యాడీ (కర్రల సంచి మోసే సహాయకుడు), టోపీ, బంతులు, పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం కలిపి మనిషికి 4,500 పడితే 3,24,000 పోయినట్టే. ట్రోఫీలు, బ్యానర్లు, మైకు, ప్రింటింగుకు ఇంకో 90,000. చేతిలో మిగిలేది 18,000. దానికోసం ఇంత దావత్ ఎందుకు?

అసలు పైసలు హోల్ స్పాన్సర్ల దగ్గర, అంటే మైదానంలో ఒక్కో హోల్ (బంతి వేయాల్సిన గుంత) దగ్గర తమ పేరుతో బోర్డు పెట్టించుకునే దాతల దగ్గర ఉంటాయి. 18 హోల్స్, ఒక్కోదానికి 25,000 అంటే 4,50,000. కాబట్టి ఆటగాళ్ల కంటే ముందు గ్రానైట్ వాళ్లు, సీడ్ కంపెనీలు, రైస్ మిల్లులు, ఆస్పత్రుల చుట్టూ తిరగాలి. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. 18లో 12 ఖాయం కానిదే మైదానానికి అడ్వాన్స్ కట్టొద్దు.

అపోహ: ఇచ్చినవాళ్లందరికీ 80జీ (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు) రసీదు ఇచ్చేయొచ్చు.

ఆడి, తిని, టోపీ పట్టుకుపోయిన మనిషి కట్టిన ఫీజు విరాళం కాదు. ఫీజుకు ఒక రసీదు, పైన ఇష్టంతో ఇచ్చినదానికి వేరే రసీదు రాయాలి. రెండూ ఒకే పుస్తకంలో కలిపితే ఆడిట్‌లో తిప్పలు. నగదు రూపంలో 2,000 దాటి ఇస్తే ఆ మినహాయింపు దొరకదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు ఇచ్చినా దొరకదు.

స్పాన్సర్ల దగ్గర ఇంకో చిక్కుంది. హోల్ దగ్గర దాత పేరు కృతజ్ఞతగా రాసి, వ్యాపార ప్రచారమేమీ చేయకపోతే దానిపై జీఎస్టీ పడదని 2019 అక్టోబరులో వచ్చిన సర్క్యులర్ చెబుతోంది. అదే బోర్డు మీద షోరూం చిరునామా, ఆఫర్, ఫోన్ నంబరు ఎక్కితే అది ప్రకటన, పన్ను లెక్కలోకి వస్తుంది. బోర్డు ప్రింటుకు పోకముందే ఈ సంగతి తేల్చుకోండి.

అపోహ: జట్లను ఒకదాని వెనక ఒకటి పంపితే చాలు.

పది నిమిషాలకో జట్టు చొప్పున 18 జట్లను పంపితే, చివరి జట్టు మొదలయ్యేసరికి దాదాపు మూడు గంటలు గడుస్తాయి. ఆరున్నరకు ఆట మొదలైతే మొదటి జట్టు పదకొండున్నరకు ముగించి కార్లెక్కుతుంది, చివరిది రెండు దాటాక వస్తుంది. విరాళం అడగాల్సిన వేళకు సగం కుర్చీలు ఖాళీ. షాట్‌గన్ స్టార్ట్ పెట్టండి: హోలుకు నలుగురు చొప్పున 72 మంది ఒకేసారి మొదలుపెట్టి, సుమారు ఐదు గంటల్లో కలిసే భోజనానికి వస్తారు.

కొత్తవాళ్లు ఎక్కువుంటే స్క్రాంబుల్ పద్ధతి మేలు. నలుగురూ కొడతారు, బాగా పడ్డ బంతిని ఎంచుకుని మళ్లీ అందరూ అక్కడి నుంచే కొడతారు. ఎవరి పరువూ పోదు, ఆటా సాగుతుంది.

అపోహ: హోల్ ఇన్ వన్‌కు (మొదటి దెబ్బకే బంతిని గుంతలో వేస్తే) కారు ఇస్తామంటే ప్రమాదమేమీ లేదు, ఎవరూ కొట్టరు.

అమెచ్యూర్లకు సాధారణంగా చెప్పే అంచనా 12,500 దెబ్బలకు ఒకటి. 72 మంది కొడితే సుమారు 174కు ఒక వంతు అవకాశం. కారు తేలేమనుకుంటే బీమా తీసుకోండి. పాలసీలో దూరం, ఆటగాళ్ల సంఖ్య, సాక్షుల షరతులు ఉంటాయి. ఆ రోజు ముచ్చటపడి టీని (మొదటి దెబ్బ కొట్టే చోటును) పది గజాలు ముందుకు జరిపితే క్లెయిము పోయినట్టే.

అపోహ: భోజనం దగ్గర టికెట్లమ్మి లక్కీ డ్రా తీస్తే అదనపు ఆదాయం.

అమెరికా పోటీల్లో చూసి తెచ్చుకున్న అలవాటు. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం. బదులుగా వేలం పెట్టండి, లేదా ఆడనివాళ్లకు పుటింగ్ (బంతిని దగ్గర్నుంచి గుంతలోకి నెట్టే) పోటీ పెట్టండి.

అపోహ: విదేశాల్లో ఉన్నోళ్ల డబ్బంతా ఒకటే.

జగిత్యాల నుంచి దుబాయ్ పోయిన అన్న చేతిలో భారత పాస్‌పోర్టే ఉంటుంది. అతను తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన వరంగల్ అల్లుడు పంపితే అది విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతా ఉండాల్సిందే. ఫోన్‌పే నంబరును వాట్సాప్ గ్రూపులో పడేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

అపోహ: పిల్లలను వేదికెక్కిస్తే దాతల మనసు కరుగుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదైనా బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. మీరితే ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. లైంగిక హింస కేసైతే పోక్సో చట్టం కూడా తోడవుతుంది. కళ్ల మీద నల్లగీత గీసి 'పర్కాల పాప' అని రాస్తే చాలు, ఊరు మొత్తం గుర్తుపడుతుంది. పాట పాడించడం, ట్రోఫీ ఇప్పించడం కూడా వద్దు. చేయి చాచి నిలబెట్టినట్టే ఉంటుందది. వేదిక మీద అంకెలు చెప్పండి, అంతకుమించి అక్కర్లేదు.

అపోహ: పోగైన సొమ్ముతో హాస్టల్ గది కట్టించాలి.

గదికి శిలాఫలకం పెట్టుకోవచ్చు కాబట్టి అందరికీ ముచ్చట. జువెనైల్ జస్టిస్ చట్టం మాత్రం పిల్లలను సంస్థలో పెట్టడాన్ని ఆఖరి మార్గమంటుంది. పిల్ల ఎక్కడుండాలో నిర్ణయించేది జిల్లా బాలల సంక్షేమ సమితి, దాత కాదు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో పిల్లకు ఇచ్చే స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000. అదే కొలమానంగా తీసుకుంటే 4,80,000తో పదిమంది పిల్లలను ఏడాదిపాటు సొంత ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో ఉంచవచ్చు. కౌన్సెలర్ జీతం, కోర్టుకు పోయివచ్చే బండి ఖర్చు, ఆగిపోయిన చదువు ఫీజు వంటి వాటికి ఎవరూ స్పాన్సర్ చేయరు, అసలు కొరత అక్కడే.

సంస్థకే ఇస్తుంటే మూడు కాగితాలు అడగండి: జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ (గడువు ఐదేళ్లు, తేదీ చూడండి), 80జీ ఉత్తర్వు, కిందటేడు ఆడిట్ నివేదిక. నమోదు లేని హోమ్ నడపడమే నేరం. సొమ్ము ఒక్కసారే కాకుండా రెండు విడతల్లో ఇచ్చి, మొదటిదాని లెక్క వచ్చాకే రెండోది విడుదల చేయండి. ఫొటో కోసం పట్టుకునే పెద్ద అట్ట చెక్కు మీద కూడా మొదటి విడత మొత్తమే రాయించండి.