తాలు గింజల లెక్క: జన్యు చికిత్స మందు శుద్ధి వెనుక కథ

జన్యు చికిత్స మందుల్లో చాలావాటి సీసాలో ఉండేది ఏఏవీ (అడినో అసోసియేటెడ్ వైరస్) అనే వైరస్ రేణువులు. వాటిలో కొన్ని రోగికి కావలసిన జన్యువును మోస్తుంటాయి, కొన్ని తాలు గింజల్లా డొల్లగా ఉంటాయి. పైతొడుగు రెండింటికీ ఒకటే కాబట్టి బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. డోసు నిర్ణయించేటప్పుడు లెక్కలోకి వచ్చేది జన్యువున్న రేణువులే. కానీ రోగి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తాలునీ గట్టి గింజనీ కలిపే లెక్కపెడుతుంది. జన్యు చికిత్సలో ఇవాళ ఖర్చు గురించి, భద్రత గురించి నడుస్తున్న వాదనల్లో చాలావాటికి మూలం ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది.

తమాషా ఏమిటంటే ఏఏవీ మొదట దొరికిందే కల్తీగా. 1965లో పిట్స్‌బర్గ్‌లో రాబర్ట్ అచిసన్ బృందం అడినోవైరస్ అనే మరో వైరస్ నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తుంటే, పెద్ద వైరస్‌ల మధ్య ఏవో చిన్న చుక్కలు కనబడ్డాయి. ఒక్కో చుక్క అడ్డుకొలత సుమారు 25 నానోమీటర్లు. అడినోవైరస్ లాంటి తోడు ఉంటే తప్ప అది పెరగదు, దానివల్ల మనిషికి జబ్బు వచ్చిన దాఖలా లేదు. అందుకే చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1982లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జూడ్ సముల్స్కీ, నికోలస్ ముజిచ్కా తదితరులు దాని జన్యుపదార్థం మొత్తాన్ని ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలోకి ఎక్కించారు. ఆ తర్వాత రెండేళ్లకే వైరస్ సొంత జన్యువు తీసేసి మనకు కావలసింది పెట్టవచ్చని తేలింది. ఉన్న చోటు మాత్రం చాలా ఇరుకు, సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలు. అందులో పట్టని జన్యువులు ఇప్పటికీ తలనొప్పే.

ఇక తయారీ. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహమ్ రూపొందించిన హెచ్ఈకే 293 అనే మానవ కణాలే నేటికీ ఈ మందుకు ప్రధాన కర్మాగారం. మొదట్లో ఆ కణాలకు అడినోవైరస్‌ను కూడా సోకించాల్సి వచ్చేది. పంట చేతికొచ్చాక అడినోవైరస్‌ను వేడిచేసి చంపి, మళ్లీ దాన్ని వేరుచేయాలి. అంటే 1965 నాటి కథ తలకిందులైంది: అప్పుడు అడినోవైరస్‌లో ఏఏవీ కల్తీ, ఇప్పుడు ఏఏవీలో అడినోవైరస్ కల్తీ. 1998లో సహాయక వైరస్ బదులు దాని జన్యువులు కొన్నిటినే ప్లాస్మిడ్ మీద ఇచ్చే పద్ధతి రావడంతో ఆ బెడద పోయింది. కానీ కావలసిన జన్యువును, తొడుగు కట్టే జన్యువులను, సహాయక జన్యువులను విడివిడిగా మోసే మూడు ప్లాస్మిడ్‌లూ అన్ని కణాలకూ సమంగా చేరవు. పైగా కణం తొడుగులను ముందే కట్టేస్తుంది, జన్యువును లోపలికి దూర్చే పని తర్వాత, నెమ్మదిగా సాగుతుంది. దాంతో తాలు కుప్పలుగా పడుతుంది. పచ్చి పంటలో ఒక్కోసారి నూటికి తొంభై దాకా డొల్ల రేణువులే ఉండవచ్చు.

తాలును విడదీయడానికి మొదట ఆసరా అయినది బరువులో తేడా. డొల్ల రేణువు బరువు సుమారు 37 లక్షల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), నిండు రేణువుది 50 లక్షలు దాటుతుంది. 1950ల చివర్లో అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థలో మెసెల్సన్, స్టాల్, వినోగ్రాడ్ కలిసి డీఎన్ఏ కోసం కనిపెట్టిన సీజియం క్లోరైడ్ పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ ఉప్పు ద్రావణాన్ని గంటల తరబడి విపరీతమైన వేగంతో తిప్పితే అడుగున చిక్కగా, పైన పలచగా పొరలు ఏర్పడతాయి. నిండు రేణువులు కింద ఒక చారగా, డొల్లవి పైన ఇంకో చారగా నిలబడతాయి. తూర్పారబట్టడమే, కాకపోతే గాలి బదులు ఉప్పునీరు. 1999లో అయోడిక్సనాల్ అనే ద్రవంతో ఇదే పనిని మరికాస్త త్వరగా, సులువుగా చేసే దారి దొరికింది. వేరుచేయడంలో ఈ పద్ధతుల పనితనం గొప్పది, నేటికీ. చిక్కల్లా పరిమాణంతోనే. అలా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం గొట్టంలో పట్టేది కొన్ని మిల్లీలీటర్లు, కణాలను పెంచే ట్యాంకులో పండేది వందల లీటర్లు.

అందుకే ఇంజినీర్లు కాలమ్‌ల వైపు, అంటే కావలసినదాన్ని పట్టి ఉంచే రెసిన్ గుళికలు నింపిన గొట్టాల వైపు మళ్లారు. 1998లో ఏఏవీ2 అనే రకం వైరస్, కణాల మీద ఉండే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసును పట్టుకుంటుందని తెలిసింది. ఇంకేం, దాన్ని పోలిన హెపరిన్ పూసిన కాలమ్ పెడితే వైరస్ దానికే అతుక్కుంటుంది. కానీ తర్వాత కాలేయానికీ, నాడీమండలానికీ బాగా చేరే ఏఏవీ8, ఏఏవీ9 రకాలు వచ్చాయి. వాటికి హెపరిన్ అంటే గిట్టదు. అప్పుడు ఆదుకున్నది ఒంటె. ఒంటె రక్తంలో మామూలు యాంటీబాడీలతో పాటు సగం భాగమే ఉన్న చిన్న యాంటీబాడీలు కూడా ఉంటాయని 1993లో బ్రస్సెల్స్ నుంచి రేమాన్ హామర్స్ బృందం ప్రకటించింది. ఆ జాతి యాంటీబాడీ ముక్కలను రెసిన్ గుళికలకు తగిలిస్తే రకరకాల ఏఏవీలను ఒకే దెబ్బకు పట్టేస్తాయి. ఇవాళ పెద్ద తయారీ కేంద్రాల్లో మొదటి మెట్టు ఎక్కువగా ఇదే.

ఈ కాలమ్ కణాల చెత్తను తీసేస్తుంది, కణాల ప్రోటీన్లను తీసేస్తుంది. తాలును మాత్రం తీయలేదు, అది చూసేది తొడుగునే మరి. కాబట్టి రెండో కాలమ్ కావాలి. లోపల డీఎన్ఏ ఉన్న రేణువుకు రుణావేశం కొద్దిగా ఎక్కువ. ఎంత కొద్దిగా అంటే, రెండింటి ఆవేశం సున్నా అయ్యే పీహెచ్‌లు సుమారు 5.9, 6.3. ఆ సన్నని సందులోనే అయాన్ మార్పిడి కాలమ్‌తో రెండింటినీ విడగొట్టాలి. ఉప్పు మోతాదు కాస్త అటూ ఇటూ అయితే తాలుతో పాటు గింజలూ పోతాయి. ప్రతి మెట్టులో కొంత చొప్పున పోగా, చాలా ప్రక్రియల్లో చివరికి మిగిలేది పండినదాంట్లో సగం కూడా ఉండదు.

యాంటీబాడీ మందుల తయారీతో పోలిస్తే ఇబ్బంది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ లీటరుకు కొన్ని గ్రాముల సరుకు వస్తుంది. ఇక్కడ లీటరుకు కోటి కోట్ల నిండు రేణువులు వస్తే బాగానే పండినట్టు. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, తూకం వేస్తే ఒక మిల్లీగ్రాము కూడా తూగదు.

డోసులు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఇది పీకల మీదికి రాలేదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే ఏఏవీ మందును నేరుగా కంట్లోకి ఇస్తారు, ఒక్కో కంటికి 15,000 కోట్ల రేణువులు. 2019లో వచ్చిన జోల్‌జెన్‌స్మా అనే మందును పసిపిల్లల రక్తంలోకి ఎక్కిస్తారు, కిలో బరువుకు 110 లక్షల కోట్లు. పది కిలోల బిడ్డకు లెక్కేయండి, ఒక కంటి డోసుకు ఏడు వేల రెట్ల పైమాటే. ఆ మందు మొదటి ధర 21 లక్షల డాలర్లకు పైగా ఉంది. 2022లో రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా బి అనే జబ్బు కోసం వచ్చిన హెమ్‌జెనిక్స్ అప్పటి ధర 35 లక్షల డాలర్లు. ధర మొత్తాన్నీ తయారీ ఖాతాలో రాయడం నాకు సబబుగా అనిపించదు, కంపెనీలు మిగతా వైద్యం ఖర్చుతో పోల్చి కూడా ధర కడతాయి. అయినా తయారీ చౌక కానిదే ఎక్కువమందికి అందించే మాట ఎత్తడం కష్టం.

డోసు పెరిగే కొద్దీ భయమూ పెరిగింది. 2020లో అరుదైన కండరాల జబ్బు మీద జరిగిన ఒక ట్రయల్‌లో, కిలోకు 300 లక్షల కోట్ల చొప్పున డోసు తీసుకున్న ముగ్గురు పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది తక్కువ డోసు తీసుకున్న మరో పిల్లవాడు కూడా పోయాడు. కాలేయం దెబ్బతినడం ఆ కేసుల్లో ప్రధానంగా కనిపించింది. దీన్ని డొల్ల రేణువుల తప్పని చెప్పలేం, ఆ పిల్లల జబ్బులోనే కాలేయ సమస్యలు ఉన్నాయి. కానీ ఒంట్లోకి వెళ్లే మొత్తం తొడుగుల సంఖ్య ఎంత అన్న ప్రశ్నను ఇక పక్కనపెట్టడం కుదరలేదు. 2021 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం రెండు రోజులు కూర్చుని ఏఏవీ మందుల విషప్రభావాల మీద చర్చించింది.

తాలంతా చెడ్డదేనా అన్నది వేరే వాదన. 2013లో పరిశోధకులు ఫెడెరికో మింగోజీ, కేథరిన్ హై బృందం దీనికి అడ్డంగా ఒక మాట చెప్పింది. రోగి రక్తంలో ముందే యాంటీబాడీలు ఉంటే, డొల్ల రేణువులు ఎరలా పనిచేసి వాటిని తమ మీదికి లాక్కుంటాయి, అసలు మందు తప్పించుకుంటుంది అని. ఆలోచన బాగుంది. కానీ కావాలని, లెక్కప్రకారం కలిపిన ఎర వేరు, తీయలేక వదిలేసిన తాలు వేరు.

సీసాలో తాలు ఎంతుందో కొలవడం ఇంకో పని. అందులో అందరూ నమ్మే పరికరం ఎనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్, అంటే విపరీతమైన వేగంతో తిప్పుతూ రేణువులు ఎలా అడుగుకు దిగుతాయో చూసే యంత్రం. అది 1920ల్లో స్వీడన్‌లోని ఉప్సలాలో థియోడర్ స్వెడ్‌బర్గ్ తయారుచేసినది. వందేళ్ల నాటి ఆలోచనే ఇప్పటికీ తీర్పరి. అది ఈమధ్య ఇంకో సంగతిని కూడా స్పష్టంగా చూపిస్తోంది: డొల్ల చారకూ నిండు చారకూ మధ్య సన్నటి చారలు. సగం జన్యువో, ప్లాస్మిడ్ ముక్కో, హెచ్ఈకే కణం సొంత డీఎన్ఏ ముక్కో దూరిన రేణువులవి. బయట తేలే డీఎన్ఏను ఎంజైమ్ వేసి తినిపించవచ్చు, తొడుగు లోపల ఉన్నదాన్ని ఎంజైమ్ తాకలేదు. అలాంటి రేణువుల్లో కొన్నిటికి నిండు రేణువు బరువు, ఆవేశమే ఉంటాయి కాబట్టి ఏ కాలమ్ కూడా వాటిని పట్టలేదు. అందుకే శుద్ధి చేసే ఇంజినీర్లు ఇప్పుడు ట్యాంకు దగ్గర ఉండే సహచరుల వైపు తిరిగారు. ప్లాస్మిడ్‌ల పాళ్లు మార్చి, కణాలను మార్చి, తాలు అసలు పడకుండానే పండించమని అడుగుతున్నారు.