సైటోకైన్ గడప దాటదు: కీళ్లవాతం మందుల గురించి కొన్ని అపోహలు

మా రుమటాలజీ ఓపీలో టోఫాసిటినిబ్ రాసినప్పుడు చాలామంది అడుగుతారు, "ఇది కూడా నొప్పి మాత్రేనా డాక్టర్ గారూ?" అని. కాదు. రోగనిరోధక కణాలు సంకేతాలుగా వదిలే సైటోకైన్లు అనే ప్రొటీన్ల నుంచి కణంలోకి వెళ్లే కబురును, జాక్ అనే ఎంజైములను అడ్డుకుని మధ్యలో ఆపే మాత్ర ఇది.

అపోహ: సైటోకైన్ కణంలోకి దూరి పనిచేస్తుంది.

వాస్తవం: కబురు అందించడానికి అది లోపలికి వెళ్లనక్కర్లేదు. కీళ్లవాతంలో బాగా పెరిగే ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) అనే సైటోకైన్‌నే చూడండి. ముందు కణం పైపొర మీదున్న తన రిసెప్టర్‌ను, అంటే కబురు అందుకునే ప్రొటీన్‌ను, పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి జీపీ130 అనే ప్రొటీన్లు రెండింటిని దగ్గరకు చేరుస్తాయి. జీపీ130 సొంతంగా ఎంజైమ్ కాదు. కణం లోపలున్న దాని తోకకు జాక్ ఎంజైములు అంటుకుని ఉంటాయి. తోకలు దగ్గరపడగానే జాక్‌లు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని చురుకవుతాయి, తర్వాత తోకలకూ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి స్టాట్3 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది. దానికీ ఫాస్ఫేట్ తగిలాక, మరో స్టాట్3తో జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలోకి దించుతుంది. ఇదంతా నిమిషాల్లో జరుగుతుంది. కాలేయం సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) తయారు చేసేది ముఖ్యంగా ఈ కబురు అందుకునే.

అపోహ: రిసెప్టర్ లేని కణానికి ఐఎల్-6 కబురు అందదు.

వాస్తవం: అందుతుంది. కణాల నుంచి విడిపోయిన రిసెప్టర్లు రక్తంలోనూ కీళ్ల ద్రవంలోనూ తిరుగుతుంటాయి. ఐఎల్-6 వాటిని వెంటబెట్టుకుని, జీపీ130 మాత్రమే ఉన్న కణాన్నీ కదిలిస్తుంది. ఎన్నేళ్లు చదివినా నాకు ఇది అద్భుతంగానే అనిపిస్తుంది. కీళ్లవాతానికి ఇచ్చే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ ఈ రెండు రకాల రిసెప్టర్లనూ మూసేస్తుంది.

అపోహ: ఒక్కో సైటోకైన్‌కు ఒక్కో ప్రత్యేక దారి.

వాస్తవం: మనకున్న జాక్‌లు 4, స్టాట్‌లు 7. వీటినే పదుల కొద్దీ సైటోకైన్లు పంచుకుంటాయి. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపాయిటిన్‌కూ జాక్2 కావాలి. అందుకే ఈ మాత్రలతో రక్తపరీక్షలు మానకూడదు. టీఎన్‌ఎఫ్ అనే మరో సైటోకైన్ దారి మాత్రం వేరు, దాని రిసెప్టర్‌కు జాక్‌లతో పని లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టే అపోహ ఒకటుంది: "సీఆర్‌పీ నార్మల్‌గా ఉంది, ఇన్ఫెక్షన్ లేనట్టే." టోసిలిజుమాబ్ గానీ జాక్ మాత్ర గానీ వాడేవారిలో కబురే ఆగిపోతుంది కాబట్టి, లోపల న్యుమోనియా ఉన్నా సీఆర్‌పీ పెరగకపోవచ్చు, జ్వరమూ పెద్దగా రాకపోవచ్చు. మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. తర్వాత దగ్గు, ఆయాసం, ఒంటి మీద ఒక పక్కన నీటి పొక్కులు కనిపిస్తే రిపోర్టు బాగుందని ఆగకండి, అదే రోజు రండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు ముందే చెప్పండి.