ఓడలో రెండోసారి అన్నానికి డాలర్లా? క్రూజ్ భోజనంపై అపోహలు - వాస్తవాలు

వేసవి మొదట్లో తెనాలి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఫోన్ చేశారు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అమ్మానాన్నలు వస్తున్నారని టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాడు. "ఏమయ్యా, ఓడలో రెండోసారి అన్నం అడిగితే డాలర్లు కట్టాలటగా? మా ఆవిడ అప్పుడే అటుకులు, కారప్పొడి సర్దేస్తోంది. చిన్న రైస్ కుక్కరు కూడా పెట్టింది" అన్నారు. అక్కడ కొడుకు అంతకుముందే భయపడి, నలుగురికీ కలిపి వెయ్యి డాలర్లకు పైగా పోసి స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ, అంటే ఓడలో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ల ప్యాకేజీ, కొనేశాడు. ఆ నలుగురిలో ముగ్గురు గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. కొన్న ప్యాకేజీలో ఉన్నవేమో స్టేక్‌హౌస్, సుషీ, ఒక ఇటాలియన్ రెస్టారెంటు.

పదకొండేళ్లు ఓడల్లో పనిచేశాను. అసిస్టెంట్ వెయిటర్‌గా ఎక్కి హెడ్ వెయిటర్‌గా దిగాను. ఇప్పుడు విశాఖలో ఓడ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు సర్వీసు నేర్పుతున్నాను. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. కోవిడ్ తర్వాత క్రూజ్ కంపెనీలు తిండిలో కోతలు పెట్టిన మాట నిజం. ఆ నిజం వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగేసరికి "ఓడలో ఇక పస్తులే" అయిపోయింది. ముందు అసలైన అపోహ సంగతి తేల్చేద్దాం.

అపోహ: ఇప్పుడు ఓడలో ప్రతిదానికీ డబ్బులే, ముందే ప్యాకేజీ కొనకపోతే కడుపు నిండదు

కాదు. టికెట్ ధరలోనే మెయిన్ డైనింగ్ రూములో మూడు కోర్సుల భోజనం, పై డెక్కు మీద బఫే వస్తాయి. అది ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. బఫేలో పదిసార్లు పళ్లెం నింపుకున్నా అడిగేవాడు లేడు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? కార్నివాల్ కంపెనీ ఓడల్లో డిన్నరుకు ఒక్కొక్కరికి రెండు మెయిన్ డిష్‌ల వరకు ఉచితం, మూడోదాని నుంచి ఒక్కోదానికి 5 డాలర్లు. రాయల్ కరీబియన్‌లో మామూలు మెయిన్‌లకు ఆ లెక్క లేదు. లాబ్‌స్టర్ వడ్డించే రాత్రి మాత్రం ఒకటి ఉచితం, ఇంకోటి కావాలంటే దాదాపు 17 డాలర్లు. అదే కంపెనీలో రూమ్ సర్వీసుకు 2017 నుంచీ 7.95 డాలర్ల రుసుము ఉంది, దాని మీద సర్వీస్ ఛార్జీ. పొద్దున్నపూట రొట్టె, పండ్లు, కాఫీ గదికి తెప్పించుకుంటే అది ఉచితమే. ఈ అంకెలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కేముందు మీ కంపెనీ యాప్‌లో ఒకసారి చూసుకోండి. ఇప్పుడు చెప్పండి: మాస్టారి భార్య ఒక్క రాత్రిలో మూడు మెయిన్ డిష్‌లు తింటారా? పోనీ రెండో లాబ్‌స్టర్ అడుగుతారా?

కోత పడింది వేరేచోట. మెనూలో వరసలు తగ్గాయి. బీఫ్ ముక్క పల్చబడింది. అర్ధరాత్రి బఫేలు, మంచుతో చెక్కిన హంసలు, లైట్లు ఆర్పి మంటలతో ఊరేగించే బేక్డ్ అలాస్కా అనే ఐస్‌క్రీమ్ కేకు చాలా ఓడల్లో జ్ఞాపకాలైపోయాయి. వెయిటర్లకు బల్లలు పెరిగాయి. నేను చేరిన కొత్తలో వెయిటరు, అసిస్టెంటు కలిసిన మా జంట చూసుకున్న అతిథుల కన్నా నేను దిగే నాటికి ఒక్కో జంట చూసుకునేవాళ్లు బాగా ఎక్కువ. సూపు ఆలస్యమైతే కారణం సాధారణంగా అదే, వెయిటరు బద్ధకం కాదు.

ఇరవై, ముప్ఫై క్రూజులు చేసిన పాత అమెరికన్ ప్రయాణికులకు ఈ కోత నిజంగానే గుచ్చుకుంటుంది, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఒక పెద్దాయన పెళ్లిరోజుకి ప్రతి ఏడూ అదే ఓడ, అదే బల్ల అడిగేవాడు. ఆ ఏడు మెనూలో ఎస్కార్గో, అంటే నత్తల వంటకం, లేదని చూసి మెనూ మూసేసి, "దీనికి కూడా కత్తెర వేశారా?" అని నన్నే అడిగాడు. నేనేం చెప్పను? మెనూ రాసేవాళ్లు మయామీ ఆఫీసులో కూర్చుంటారు. తిట్లు తినేది మాత్రం బల్ల దగ్గర నిలబడ్డవాడు. కానీ ఆయన బాధకీ మన మాస్టారి భయానికీ సంబంధం లేదు. ఆయన పోగొట్టుకున్న నత్తలు మన పళ్లెంలో ఎప్పుడూ లేవు.

మనవాళ్లకు అసలు నష్టం చేసేది భయంతో కొన్న ప్యాకేజీ. ఏడు రాత్రులకు అపరిమిత డైనింగ్ ప్యాకేజీ మనిషికి 250 డాలర్లు దాటడం మామూలే. పైన 18 శాతమో, ఇంకాస్త ఎక్కువో సర్వీసు కలుస్తుంది. అంత పెట్టి శాకాహారి స్టేక్‌హౌస్‌కి వెళ్తే దొరికేది ఒక సలాడు, కాల్చిన బంగాళాదుంప, పాలకూర క్రీము. నేను కళ్లారా చూసింది చెబుతున్నాను: తల్లిదండ్రులు ఆ దుంపను ఫోర్కుతో కెలుకుతూ కూర్చుంటారు, కొడుకు బిల్లు వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తుంటాడు. కింద మూడో డెక్కులో ఉచితంగా పప్పు, అన్నం, ఆలూ గోబీ ఉడుకుతున్నాయని ఎవరూ చెప్పరు.

ఉడుకుతున్నాయనే మాట ఊరికే అనడం లేదు. కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి పెద్ద కంపెనీల మెయిన్ డైనింగ్ రూములో రోజూ ఒక భారతీయ శాకాహార వంటకం మెనూలోనే ఉంటుంది, లేదా అడిగితే చేస్తారు. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, మనవాళ్లు బోలెడుమంది. గోవా, కేరళ, ముంబై కుర్రాళ్లు లేని పెద్ద ఓడను నేను చూడలేదు. చేయాల్సింది ఒక్కటే. ఎక్కిన రోజే, మధ్యాహ్నం బఫేలో తినేసి, డైనింగ్ రూము దగ్గరికి వెళ్లి హెడ్ వెయిటర్‌ని కలవండి. "వెజిటేరియన్" అని ఊరుకోవద్దు. ఆ మాటకు వాళ్ల లెక్కలో గుడ్డు ఉండొచ్చు, సూపులో కోడి నీళ్లు కూడా ఉండొచ్చు. గుడ్డు వద్దు, చేప సాస్ వద్దు, ఉల్లి వెల్లుల్లి వద్దు అని ఏది వద్దో విడివిడిగా చెప్పండి. హెడ్ వెయిటరు ముందురోజు రాత్రే మర్నాటి మెనూ చూపించి ఆర్డరు రాసుకుంటాడు. జైన భోజనం లాంటివి కావాలంటే బుకింగప్పుడే రాయించాలి, ఎక్కాక అడిగితే ఇబ్బంది. దీనికి పైసా అదనం లేదు.

ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నా నాలుగో కాంట్రాక్టులో అనుకుంటా, కొడుకు కోడలితో ఒక పెద్దావిడ వచ్చారు. నా సెక్షన్ కాదు, పక్కది. మూడు రాత్రులు వరసగా ఆవిడ ముందు పెరుగు, అరటిపండు, రొట్టె ముక్క తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్లేటప్పుడు ఇంకో రొట్టె నాప్కిన్‌లో చుట్టుకుని కొంగు కింద పెట్టుకునేవారు. మూడోరోజు రాత్రి నేను వెళ్లి, "అమ్మా, తెలుగువారేనా?" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి, ముందు ఆ రొట్టె తీసి బల్ల మీద పెట్టేశారు. దొంగతనం పట్టుబడ్డట్టు! ఏదడిగినా డబ్బు పడుతుందని ఎవరో చెప్పారట. కొడుకుకు ఖర్చు ఎందుకని ఆకలి లేదని చెబుతున్నారట. గ్యాలీలో మంగళూరు కుర్రాడొకడు ఉండేవాడు, వాడికి చెప్పాను. మర్నాడు టమాటా పప్పు, మిరియాల చారు, బంగాళాదుంప వేపుడు వచ్చాయి. చారు గ్లాసులో పోయమన్నారు. కొడుకు తల దించుకుని కూర్చున్నాడు. వాడి తప్పు మాత్రం ఏముంది, వాడికీ తెలీదు. ఆ మూడు రాత్రులు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. పుకార్లు పంపేవాళ్ల మీద నాకు ఓపిక లేకపోవడానికి ఆవిడే కారణం.

మాంసాహారులు ఏదో ఒక రాత్రి స్టేక్‌హౌస్‌లో సరదాగా తినాలనుకుంటే తప్పకుండా తినండి, బాగుంటుంది. ఒక్క రాత్రికే బుక్ చేసుకోండి. ఎక్కిన మొదటిరోజు రాయితీలు ఇచ్చే ఓడలూ ఉన్నాయి. చిన్నపిల్లలకు కొన్ని కంపెనీలు ఉచితంగానో, తక్కువకో పెడతాయి. ముందే ప్యాకేజీ కొనేసినవాళ్లు కంగారు పడొద్దు. ప్రయాణానికి ముందు రద్దు చేసుకునే గడువు సాధారణంగా ఉంటుంది, బుకింగ్ తెరిచి ఆ తేదీ చూడండి. ఎక్కాక డబ్బు వెనక్కి రావడం కష్టం.

అపోహ: మనం ఎక్కువ తింటే కంపెనీకి నష్టం, అందుకే కోతలు

ఇది వినగానే నవ్వొస్తుంది. రాయల్ కరీబియన్ వారి సింఫనీ ఆఫ్ ది సీస్ లాంటి ఓడలో వారానికి 60 వేల దాకా కోడిగుడ్లు వాడతారు. మీ రెండో ఆమ్లెట్ ఎవరి లెక్కలోకీ రాదు. 2020 మార్చిలో ఓడలన్నీ ఆగిపోయాయి, అమెరికాలో మళ్లీ కదిలింది 2021 వేసవిలో. ఆ ఏడాదికి పైగా కాలాన్ని కంపెనీలు అప్పులతో నెట్టుకొచ్చాయి. కార్నివాల్ కార్పొరేషన్ 2023 లెక్క చూడండి: అన్ని ఓడల్లో తిండికి పెట్టిన ఖర్చు 130 కోట్ల డాలర్ల పైచిలుకు, అప్పుల మీద కట్టిన వడ్డీ 200 కోట్ల డాలర్లు దాటింది. మీ పళ్లెం కన్నా బ్యాంకు పళ్లెం పెద్దది. ఇంధనం, జీతాలు, వడ్డీ వెంటనే తగ్గేవి కావు. ఆఫీసులో కూర్చున్నవాడికి వెంటనే చెయ్యి అందేది మెనూయే.

పారబోత తగ్గించాలన్నది రెండో కారణం. కార్నివాల్ 2019తో పోలిస్తే మనిషికి పారేసే తిండిని 2030కల్లా సగానికి తగ్గిస్తానంది. అది సాకు అనేవాళ్లున్నారు. కొంత సాకే. కానీ గిన్నెలు కడిగే చోట నిలబడి, ముట్టుకోని బీఫ్ ప్రైమ్ రిబ్ పళ్లేలకు పళ్లేలు చెత్త రుబ్బే యంత్రంలోకి తోసినవాడిని, నేను పూర్తిగా సాకు అనలేను.

అపోహ: రాత్రి మిగిలిందే పొద్దున బఫేలో పెడతారు

అతిథుల ముందు పెట్టింది మళ్లీ వాడరు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. వందకు 85, అంతకన్నా తక్కువ వస్తే ఫెయిల్, ఆ మార్కులు అందరికీ కనబడేలా పెడతారు. వేడి పదార్థం 57 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి. అలా ఉంచలేని వాటికి నాలుగు గంటల గడువు, తర్వాత చెత్తలోకే. వడ్డించకుండా గ్యాలీలోనే ఉన్నదాన్ని బ్లాస్ట్ చిల్లర్ అనే, త్వరగా చల్లబరిచే యంత్రంలో పద్ధతిగా చల్లార్చి వాడొచ్చు, మీ ఇంటి ఫ్రిజ్ కన్నా అది నయం. మా రోజుల్లో తనిఖీ మాట వినబడితే ఎగ్జిక్యూటివ్ షెఫ్‌కి కూడా చెమటలు పట్టేవి.

అపోహ: కుక్కర్, ఆవకాయ తీసుకెళ్తే సరి

కుక్కరును సెక్యూరిటీ స్కానర్ దగ్గరే తీసి పక్కన పెట్టేస్తారు, దిగేటప్పుడు ఇస్తారు. వేడి చేసే ఏ పరికరమైనా నిప్పు భయంతో నిషేధం. ఇంట్లో చేసిన తిండిని చాలా కంపెనీలు ఒప్పుకోవు. సీలు తీయని కొట్టు ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంకోటి, బఫేలోని అరటిపండు సంచిలో వేసుకుని రేవులో దిగకండి. చాలా దేశాల్లో జరిమానా పడుతుంది.

అపోహ: తిండి తగ్గించారు కాబట్టి టిప్ తీయించేస్తే కంపెనీకి బుద్ధొస్తుంది

రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడే గ్రాట్యుటీ, అంటే ఈ టిప్, వెళ్లేది వడ్డించేవాళ్లకు, గది సర్దేవాళ్లకు, వెనకాల గిన్నెలు కడిగేవాళ్లకు. గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి అది తీయించేస్తే కంపెనీ మీకు "సరే సార్" అంటుంది, అంతే. దానికి పోయేదేమీ లేదు. అటువైపు ఇండోనేషియా కుర్రాడి ఇంటికి వెళ్లే డబ్బు తగ్గుతుంది. మెనూ మీద కోపముంటే చివర్లో వచ్చే సర్వేలో మెనూ గురించి రాయండి. ఆ సర్వేలను ఆఫీసు నిజంగానే చదువుతుంది, మా మార్కులు కూడా అందులోంచే వస్తాయి. వెయిటరు బాగుంటే వాడి పేరు రాయండి.

మిగతావి రెండు ముక్కల్లో. మిగిలిన తిండి సముద్రంలో ఇష్టమొచ్చినట్టు పోయరు, దానికి మార్పోల్ అనే అంతర్జాతీయ సముద్ర కాలుష్య ఒప్పందం నిబంధనలున్నాయి, తీరం నుంచి ఎంత దూరంలో, ఎంత మెత్తగా రుబ్బి అన్నదాకా. అన్ని ఓడలూ ఒకటే కూడా కాదు. 2022 జూన్‌లో మన దేశపు క్రూజ్ కంపెనీ కోర్డీలియా వారి ఎంప్రెస్ ఓడ విశాఖ వచ్చినప్పుడు ఎక్కినవాళ్లు, "ఓడలో మన వంటలే ఉంటాయి" అని ఇక్కడ అందరికీ చెప్పారు. అది మన ప్రయాణికుల కోసం నడిపే ఓడ. కరీబియన్ వెళ్లే ఓడలో మన వంట ఉంటుంది, కానీ అడగాలి.

మాస్టారి కొడుకు గడువు లోపలే ప్యాకేజీ రద్దు చేసుకున్నాడు. కుక్కరు ఇంట్లోనే ఆగింది. కారప్పొడి మాత్రం ఆవిడ వదల్లేదట, నేను చెప్పానని కొట్టులో సీలు ప్యాకెట్లు రెండు కొనిపించారు. తిరిగొచ్చాక మాస్టారు ఫోన్ చేశారు. "హెడ్ వెయిటరు మలయాళీ. రోజూ సాంబారే పంపాడు, చారు అన్నా సాంబారే. రెండోసారి అన్నం అడిగాను, మూడోసారీ అడిగాను, చివరిరోజు బిల్లు మొత్తం వెతికాను, ఎక్కడా లేదు" అన్నారు. విప్పని కారప్పొడి ప్యాకెట్ ఒకటి మిగిలిందట. దాన్ని మా టేబుల్ కుర్రాడికి ఇచ్చేశామన్నారు. వాడిది బాలి. ఎలా తిన్నాడో మరి.